పై ఇంటావిడ ఫారం

మార్చి 3
పాపాయికి ఆరు వారాలు. నర్సమ్మ ఇంటికొచ్చి ఫారం ఇచ్చింది. పది ప్రశ్నలు. మునుపటిలా నవ్వగలుగుతున్నారా? ఓ, భేషుగ్గా! ఊరికే ఏడుపొస్తోందా? ఛఛ. అన్నీ అబద్ధాలే. బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ ఏడుస్తున్నానని ఎవరికి చెప్పను? ఆయన కంగారుపడతారు. అమ్మయితే, మేం కనలేదా పిల్లల్ని అంటుంది. నర్సమ్మ నా టిక్కులు చూసి మురిసిపోయింది.

మార్చి 5
పై ఇంటావిడ తలుపు తన్నింది. చేతులు ఖాళీ లేవు పాపం, చెరో చంకన కవలలు. నోట్లో అదే ఫారం! ఈ దేశపు అక్షరాలు రావట, రాసిపెట్టమని సైగ. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు. ఏడుపు ప్రశ్నకి నేను కళ్లు నులుముకుని చూపిస్తే పకపకా నవ్వింది. అంతలో పిల్లలు ముగ్గురూ కోరస్ అందుకున్నారు. మిగతావి నేనే గబగబా టిక్కులు కొట్టి పంపించేశాను.

మార్చి 6
పాపాయిని ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టుంది. ఈ పేజీ చింపేయాలి.

మార్చి 9, మధ్యాహ్నం 3
కొంప మునిగింది. నర్సమ్మ దుబాసీని వెంటేసుకుని పై ఇంటికి పరిగెత్తుకొచ్చిందట. ఆవిడ ఫారంలో అన్నీ భయంకరమైన జవాబులేనట: నిద్ర లేదు, ఏడుపు ఆగదు, భయం వదలదు. అవి ఆవిడవి కావు. నావి! ఆ గోలలో నా బుర్రలో ఉన్నదంతా ఆవిడ పేరు మీద కక్కేశాను. ఇలాంటి ఘనకార్యాలు నాకే సాధ్యం.

ఫారం నింపింది ఎవరో గుర్తొచ్చిందేమో, ఆవిడ నర్సమ్మనీ దుబాసీనీ తిన్నగా మా గుమ్మంలోకి లాక్కొచ్చింది. దుబాసీ చెప్పాడు: కింది అమ్మాయి రోజూ ఏడుస్తుంది, కుళాయి చప్పుడులోంచి కూడా నాకు వినిపిస్తుంది అంటోందని. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత భోరుమన్నాను. ఆవిడ తన పిల్లలిద్దర్నీ నర్సమ్మ ఒళ్లో పడేసి నన్ను దగ్గరకు తీసుకుంది.

మార్చి 10
ముందే ఎందుకు చెప్పలేదని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఓదార్చే డ్యూటీ కూడా నాదే!

మార్చి 25
డాక్టరమ్మ ఇది జబ్బేనంది, నా తప్పు కాదంది. మాత్రలు మొదలయ్యాయి. పై ఇంటావిడ రోజూ పదకొండింటికి దిగుతుంది, పాపాయిని లాక్కుని నాకు మంచం చూపిస్తుంది. పడుకోకపోతే తిడుతుంది. ఏ భాషయితేనేం, తిట్టు తిట్టే. ఇవాళ నిద్ర లేచేసరికి ముగ్గురు పిల్లలూ వరసగా పడుకుని ఉన్నారు. నా దాన్ని వెతుక్కుని ముద్దుపెట్టుకున్నాను. ఎవరూ చెప్పకుండానే.

ఏప్రిల్ 14
పొద్దున మళ్లీ ఏడుపొచ్చింది. కుళాయి తిప్పలేదు. రెండు నిమిషాల్లో తలుపు మీద తన్ను.