పిడికెడు నూకలు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోలీసు యాక్షన్ ముగిసినా, పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కొందరు ఇంకా మన మెట్టుగూడ చర్చి వరండాలోనే ఉన్నారు. ఎసరు పెట్టిన ప్రతిసారీ నువ్వు దేవుడి కుండలో వేసే పిడికెడు బియ్యం ఇప్పుడు వాళ్ల పొయ్యికే పోతోంది.

నీ తర్వాత నేనే వేస్తున్నాను. బియ్యం ప్రియమయ్యాక నాన్న నా చెయ్యి ఆపాడు.

"ఊకె తినేటోళ్లకు నూకలైతే ఏందే? జెర పొదుపు నేర్చుకో."

పొదుపు! ఎంత ముచ్చటైన మాట. దాని మీద బళ్లో వ్యాసం రాసి మెప్పు కూడా పొందాను. అందుకే నూకలు వేశాను.

ఈ ఉదయం ఎస్తేరమ్మత్త చర్చి సంచి పట్టుకుని వచ్చింది. కుండ వంచగానే నవ్వింది.

"ఏందే పిల్లా, అక్కడ కోళ్లను సాదుతున్నమనుకున్నవా?"

నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "మీ అమ్మ తను నూకల జావ తాగి, మంచి బియ్యం ఇస్తుండె బిడ్డా" అని మెల్లగా మెట్లు దిగింది.

నీ జావ నాకు గుర్తుంది. కడుపు చల్లగుంటదని తాగేదానివి, నేను నమ్మేదాన్ని. నువ్వు నీ కంచంలో తగ్గించుకున్నావు. మేం ఎదుటివాళ్ల కంచంలో తగ్గించాం. దాన్ని పొదుపు అనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు.

మధ్యాహ్నం నీ పేరు చెప్పి నాన్న సన్నబియ్యం వండించాడు. నేను కంచం పక్కకు జరిపాను. నీలా జావ కాచుకుందామని నూకల డబ్బా తెరిచాను. అడుగున కాస్త తవుడు మిగిలింది. నూకలన్నీ ఎస్తేరమ్మత్త సంచిలో వెళ్లిపోయాయి.