ఎర్రది నడిపేటప్పుడు, నల్లది ఆపాక

సాలూరు,
గురువారం.

బావకి చిన్నతల్లి నమస్కరించి రాయునది. సింహాద్రి అప్పన్న దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. రాయపూర్‌లో లోడు కోసం కాచుకున్న మీరూ, మీ లారీ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాగబాబు చేత మీరు పంపిన ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. అత్త మోకాలి నొప్పి తగ్గింది. కుళాయి దగ్గర తగువు జరుగుతోందంటే నాకంటే ముందు నడిచి వెళ్ళింది. మన సంహిత విజయనగరంలో నర్సింగు పరీక్షలు బాగానే రాశానంటోంది. చివరి పేపరు గురించి అడిగితే మాత్రం ఈ రోజు ఏం వండావమ్మా అని మాట మారుస్తోంది. మేడ మీద కారుతున్న చోట సిమెంటు వేయించాను.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. పాతది వదులైపోయి గతుకుల్లో పాట ఆగిపోతోందని, కొత్తది కొని మళ్ళీ అవే పాటలు ఎక్కించి పంపమని రాశారు. నిన్న బస్టాండు దగ్గర ఉష సెల్‌ఫోన్ల కొట్టుకి వెళ్ళాను. పెద్దదైతే మంచిదని అరవై నాలుగు జీబీది చూపించమన్నాను.

"లారీకి అంతదెందుకు పిన్నీ? బాబాయి పాత పాటల సెట్టు దాన్ని సదవదు. పదహారు సాలు," అంది. పొడవుగా ఉన్నదీ వద్దంది. "చెయ్యి తగిలితే ఇరిగిపోతాది," అని బొటనవేలి గోరంత ఉన్నవి చూపించింది. నేను రెండు తీసుకున్నాను, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. సెట్టు కట్టేశాకే బయటికి లాగాలట. ఎండకి అద్దం దగ్గర వదిలేయకూడదట.

రెండెందుకని అడుగుతారు. నాగబాబుని కోప్పడనంటేనే చెబుతాను. మీ పక్కన కూర్చుని వచ్చే డ్రైవరు, చూసింది చెప్పక ఏం చేస్తాడు? మొన్న సెలవు మీద ఊరొచ్చి, మీ ఉత్తరం ఇచ్చి కాఫీ తాగుతూ చెప్పేశాడు.

"వదినా, కేశకాల్ ఘాటీ కొండ మలుపుల్లో అన్న తల ఊపుతంటే నీ భజనలకి ఊపుతన్నాడనుకున్నాను. తీరా సూస్తే నిద్దరోతన్నాడు. బండి అంచుకెళ్ళిపోనాది. నేను స్టీరింగు పట్టుకున్నాను కాబట్టి సరిపోనాది."

"ఆ పాటలు మార్చొచ్చు కదా," అన్నాను.

"మారిస్తే ఊరుకుంటాడేటి? ఒరే, మీ వదిన ఏరి ఎక్కించినవిరా, ముట్టుకోకు అంటాడు."

నేను ఎక్కించినవన్నీ మెల్లని పాటలే, పూజ చేసుకుంటూ వినేవి. దేవుడి పేరు మీ చెవిన పడుతుంటే ఏమీ కాదని నమ్మి, ఇక్కడ నిశ్చింతగా ఉన్నాను. వింటుంటే నాకే కళ్ళు మూతలు పడతాయి. బండి నడిపే మనిషికి అలాంటివి ఇవ్వకూడదని తట్టలేదు. ఆ రోజు నాగబాబు చెయ్యి అందేలా చేసింది స్వామే అనుకుంటున్నాను. కానీ ప్రతి ఘాటీలోనూ ఆయనకి ఆ పని పెట్టకూడదు.

అందుకని ఎర్రదానిలో తప్పెటగుళ్ళు, జముకుల పాటలు, పెళ్ళికి ముందు మీరు మా వీధిలో ఈల వేస్తూ తిరిగిన సినిమా పాటలు ఉన్నాయి. అన్నీ నేనే ఏరాను. ఉష నా మొహం చూసి నవ్వింది. భజనలు నల్లదానిలో ఉన్నాయి. అది బండి ఆపి పక్క వేసుకున్నాక మాత్రమే పెట్టండి.

ఇంకొకటుంది. రాయాలా వద్దా అని ఇంతవరకు ఆగాను. ఎర్రదానిలో కొన్ని పాటల మధ్య నా గొంతు వినిపిస్తుంది. ఉష ఫోనులో రికార్డు చేసి ఎక్కించింది. మొదట మెల్లగా అన్నాను.

"దేవుడికి మొక్కుకున్నట్టు అంటే ఇంజను మోతలో ఏటి వినిపిస్తాది? తిట్టు పిన్నీ," అంది.

"బావా, నిద్దరొస్తంటే బండి ఆపెయ్. ఆపుతావా లేదా?" అని అరిచాను. కొట్టు ముందు టీ తాగుతున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మిమ్మల్ని నువ్వు అన్నందుకు మన్నించండి. చెప్పిన మాటకి మాత్రం మన్నింపు అడగను.

నేను ఏరినవని వీటినీ పట్టుకుని కూర్చోకండి. విని విని ఇవీ నిద్ర తెప్పిస్తే మార్చేయండి, నేనేమీ అనుకోను. లోడు ఆలస్యమైతే ఓనరు ఒక మాట అంటాడు, అననివ్వండి. ఈసారి ఉత్తరంలో పాటలు బాగున్నాయని రాయకండి. ఎక్కడ బండి ఆపి పడుకున్నారో రాయండి.

ఇట్లు,
మీ మేనమామ కూతురు, మీ ఇల్లాలు
చిన్నతల్లి