ముడి వేసిన తాడు

ముత్తయ్య మామకు,

తూంకుంట నుంచి నీ మేనల్లుడు రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ముఖం లేదు. నీ కోడలు సరళ చేత చదివించుకో.

జీడిమెట్లలో అల్యూమినియం రేకులతోనే నా పని కదా అని, నీ చేపల వేటకు అల్యూమినియం పడవ ఎంచడం నాకు అప్పగించావు. "అంచు నా మోకాలు దాటొద్దురా, వల గుంజేటప్పుడు నడుము పట్టేస్తది" అని ఒక తాడుకు ముడేసి కొలత కూడా ఇచ్చావు. దుకాణంలో ఆ తాడును జేబులోంచి తీయనే లేదు. మెత్తటి సీట్లు, ఎత్తైన అంచులు చూసి, ఆదివారం నా పిల్లల్ని శామీర్‌పేట చెరువులో తిప్పొచ్చని మురిసిపోయి దాన్నే కొన్నాను. నీకు మాత్రం "అంచు ఎత్తుంటే భద్రం మామా" అని సాకు చెప్పాను.

నిన్న నువ్వు మళ్లీ పాత థర్మకోల్ తెప్ప మీద వల వేస్తుంటే గట్టు మీది నుంచి చూశాను. ఎవరో అడిగితే, "అల్లుడు మంచిదే తెచ్చిండు, నాకే అలవాటు కాలే" అన్నావు. నలుగురిలో తిట్టినా నాకింత సిగ్గయ్యేది కాదు.

దుకాణం ఆయన పడవ మార్చి ఇస్తానన్నాడు. శనివారం నాతో రా మామా. ఈసారి తాడు వద్దు. నువ్వు పడవ పక్కన నిలబడు, నీ మోకాళ్ల దగ్గర కూర్చుని నేనే కొలుస్తాను.