వాగు పిల్లగానికి అమ్మీ మార్కు

3 జులై 1995

రహీం భయ్యా ఖమ్మం పోయి కొత్త వీడియో గేమ్ క్యాసెట్లు తెచ్చిండు. ఒకదాని మీద 9999 ఇన్ 1 అని ఉన్నది. పెట్టి చూస్తే ఏడే గేమ్‌లు, అవే తిప్పి తిప్పి వస్తున్నయ్. ఆ లేబుల్ కొట్టినోని నోట్ల మన్ను పడ. పదికి రెండు. ఆ రెండు కూడా ఆఖరి గేమ్‌ల ఎర్ర కారు ముద్దుగ ఉన్నదని.

నా డ్యూటీ ఇదే. ఏ క్యాసెట్ వచ్చినా కిరాయికి ఇచ్చేముందు ఇంట్ల నేను ఆడాలె. లేబుల్ మీద రాత చైనాదో జపాన్‌దో, ఎవనికీ చదవరాదు. అందుకని పేరు నేనే పెడ్త, మార్కులు నేనే వేస్త. భయ్యా దుకాణం ముందర నల్లబోర్డు మీద ఎక్కిస్తడు. పిల్లలేమో ఎవరో మార్కుల సార్ ఉన్నడనుకుంటున్నరు. ఆ సార్ పర్దా వెనక కూసొని ఉల్లిగడ్డలు కోస్తున్నదని తెలిస్తే భద్రాచలం అంతా నవ్వుతది.

బోర్డు మీద నా మార్కు కింద ఇంకో మార్కు ఉంటది. అది అమ్మీది. అమ్మీ ఆడదు. మంచం మీద కూసొని బియ్యం ఏరుకుంట చూస్తది. కార్లకు ఐదు. కుస్తీలకు మూడు, అది కూడా పాపమని. బొమ్మ నీళ్లల్ల పడే గేమ్‌కు మాత్రం సున్నా, ఇంక మాట్లాడేది లేదు. పిల్లలకు ఇదే సిగ్నల్. అమ్మీ సున్నా పెట్టిందంటే అండ్ల నీళ్లున్నయ్, మజా ఉంటదని కొట్టుకొని మరీ తీస్కపోతరు.

సున్నా ఎందుకో వాళ్లకు తెల్వదు. మా ఇంట్ల తెలుసు. ఎవరం అనం.

9 జులై

ఇంట్ల అననిది ఈడ రాస్కుంట. ఈడ ఎవరు వింటరు.

ఇద్రీస్, మా పెద్ద భయ్యా. ఎనభై ఆరు వరదల మా సందు మునుగుతుంటే నాటుపడవ పట్టుకొని మనుషులను, సామాన్లను గట్టుకు చేర్చిండు. రెండుసార్లు పోయి వచ్చిండు. మూడోసారి పోయి రాలే. అప్పుడు నాకు పదకొండేండ్లు. మనిషి దొరకలే, కాబట్టి గోరీ లేదు. పోయినోని పేరు మీద ఫాతిహా చేయిద్దామని మసీదు పెద్దలు వస్తే, బతికున్నోనికి ఫాతిహా ఏందని అమ్మీ చేతిల ఉన్న గిన్నె విసిరికొట్టింది. అప్పటిసంది ఇంట్ల ఆయన పేరు లేదు. ఫోటోలు వరదలనే పోయినయ్. నాకు ముఖం సగమే గుర్తున్నది, ఆ సగం కూడా నేను కల్పించుకున్నదేమో.

21 జులై, శుక్రవారం

ఇయ్యాల ఆడింది బాగున్నది. బోర్డుకు ఇట్ల రాసిచ్చిన:

"వాగు పిల్లగాడు. నెత్తిన గంప పెట్టుకున్న పిల్లగాడు దుంగల మీద దుంకుకుంట ఏరు దాటాలె. కంట్రోల్ మస్తుగ ఉన్నది, చెప్పిన మాట వింటడు. మ్యూజిక్ చెవులల్ల చీమలు పారినట్టు. మూడు లైఫ్‌లు. పెద్ద లోపం: దీనికి ఆఖరు లేదు. అవతలి గట్టు ఎక్కితే మళ్ల అదే ఏరు, అవే దుంగలు, జర స్పీడ్ ఎక్కువ. దాటినోనికి దక్కేదేం లేదు. పదికి ఆరు."

అమ్మీ మార్కు అడిగిన. సున్నానేనా అన్న. ఆగు అన్నది. అమ్మీ ఆగుమనుడు ఇదే ఫస్ట్ టైమ్.

22 జులై

పొద్దున్నే మళ్ల పెట్టుమన్నది. పెట్టిన. కావాలనే నీళ్లల్ల పడేసిన, ఏమంటదో చూద్దామని. పిల్లగాడు మునిగిండు, ఒక టిక్కుమన్న శబ్దం, మళ్ల ఇవతలి గట్టు మీద గంపతోని సహా నిలబడ్డడు, మినుకు మినుకుమనుకుంట.

అమ్మీ బియ్యం చాట పక్కన పెట్టింది. మళ్ల వచ్చిండు గదా అన్నది. అవ్, వానికి మూడు పానాలు అన్న. అట్ల అనకుంటే బాగుండేది.

26 జులై

అమ్మీ ఆడుతున్నది. నా జన్మల చూస్తననుకోలే. కుట్టు మిషన్ మీద అంత సాఫ్‌గ నడిచిన చేతులు, ఆ బటన్ల మీద మాత్రం తడబడుతున్నయ్. పిల్లగాడు దుంకినప్పుడల్లా అమ్మీ కూడా మంచం మీద ఇంత ఎగురుతది. భయ్యా నవ్వు ఆపుకోలేక బయటికి పోయిండు. నేను గూడ నవ్విన. ఇంట్ల ఇట్ల నవ్వి ఎన్ని రోజులైందో.

27 జులై

నవ్వు అయిపోయింది.

సాయంత్రం అమ్మీ ఆడుకుంట రెండు లైఫ్‌లు పోగొట్టుకున్నది. మూడోది వచ్చింది. పిల్లగాడు ఏరు మధ్యన పెద్ద దుంగ మీదికి చేరిండు. అక్కడ అమ్మీ చేతులు ఆగిపోయినయ్. జల్దీ ఆపు, ఆపు అన్నది. స్టార్ట్ నొక్కి పాజ్ చేసిన. ఈసారి పడితే మళ్ల వస్తడా అని అడిగింది. రాడు, గేమ్ ఓవర్ అన్న. అయితే ఉండనీ, ఎవరూ ముట్టొద్దన్నది.

ఈ క్యాసెట్లల్ల సేవ్ ఉండదు. గేమ్ డబ్బా బంద్ చేస్తే పిల్లగాడు పోయినట్టే. ఆ సంగతి కూడా అడిగి తెలుసుకున్నది. టీవీ బంద్ చేసినా పర్వాలేదు, డబ్బా నడవాలె అని చెప్పిన. అన్నీ నేనే చెప్పిన.

31 జులై

డబ్బా ఇంకా ఆన్‌లనే ఉన్నది. వేడెక్కుతున్నదని అమ్మీ విసనకర్రతోని విసురుతున్నది. నమాజుకు లేస్తే నన్ను కూసోబెట్టి పోతున్నది. టీవీ పెట్టి చూస్తది, ఉన్నడు అంటది, బంద్ చేస్తది.

బయట పిల్లలు వాగు పిల్లగాడు ఎప్పుడొస్తడని సతాయిస్తున్నరు. బోర్డు మీద నా ఆరు ఉన్నది. అమ్మీ మార్కు జాగ ఖాళీ.

2 ఆగస్టు

నాకు జ్వరం. విసనకర్ర డబ్బాకే.

5 ఆగస్టు

కరెంటు రోజుకు పదిసార్లు పోతున్నది, ఏజెన్సీ అంతా వానలే. మొదటిసారి పోంగనే అమ్మీ అరిచిన అరుపుకు ఎదురింటోళ్లు ఉరికొచ్చిండ్రు. అప్పటికే భయ్యా బ్యాటరీల జంపయ్యను బతిమాలి ఒక లారీ బ్యాటరీ, ఏదో సర్క్యూట్ పెట్టించిండు కాబట్టి డబ్బా ఆగలే. చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ కూడా దాని మీదనే నడుస్తది. జంపయ్య పోతూ పోతూ, ఒక గేమ్ కోసం లారీ బ్యాటరీ పెట్టినోళ్లను మిమ్మల్నే చూసిన అన్నడు.

భయ్యాతోని కొట్లాడిన. దీన్ని బంద్ చెయ్యి, పిచ్చి ముదురుతున్నది అన్న. నువ్వే చెయ్యి అన్నడు. నాకు చెయ్యి రాలే. భయ్యాకు కూడా రాలే. ఇద్దరం ఇరవై నిండినోళ్లం, అంత చిన్న బొమ్మకు భయపడి కూసున్నం.

ఒక సంగతి నిజం రాస్త. నాకు కుళ్లుగ ఉన్నది. తొమ్మిదేండ్ల సంది వండి పెట్టేది నేను, కాళ్లు పిసికేది నేను, పక్కన పండేది నేను. దాటనోని మీద ఉన్న ప్రాణం, ఇవతలి గట్టు మీద ఉన్న నా మీద ఎందుకు లేదు.

11 ఆగస్టు, శుక్రవారం

గోదారి ఎక్కుతున్నది. మొదటి హెచ్చరిక ఇచ్చిండ్రు. మా సందుల ఇది మామూలే, సామాన్లు అటకెక్కించినం. అమ్మీ మాత్రం నీళ్ల సంగతి అడగలే. బ్యాటరీ సంగతి అడిగింది.

13 ఆగస్టు, చిన్నమ్మ ఇంట్ల, పై బజార్

మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు రాస్త.

రెండో హెచ్చరిక అయింది. మైకుల మా సందు ఖాళీ చెయ్యుమని తిరుగుతున్నరు. గడప దాటి నీళ్లు వస్తున్నయ్. భయ్యా ఆటో తెచ్చి నిలబెట్టిండు. అమ్మీ లేవదు. డబ్బా మీద చెయ్యి వేసి కూసున్నది. ఎత్తుకపోదాం బ్యాటరీతో సహా అంటే, కదిలిస్తే క్యాసెట్ అదురుతది, పోతడు అన్నది. అది నిజమే, జర కదిలినా స్క్రీన్ మీద అన్నీ గీతలే వస్తయ్. భయ్యాకు కోపం ఎక్కింది. వైరు పీకుతనని వంగిండు. నేను అడ్డం పోయిన. ఎందుకు పోయిన్నో నాకే తెల్వదు.

అమ్మీ కాళ్ల కిందికి నీళ్లు వచ్చినయ్. మంచం కోళ్లు తడుస్తున్నయ్. అప్పుడు చెప్పింది, నా ముఖం చూడకుండ, టీవీ దిక్కు చూసుకుంట.

"మూడోసారి నేనే పంపిన. ఒద్దు అమ్మీ, నీళ్లు తిరుగుతున్నయ్ అన్నడు. కుట్టు మిషన్ మునిగితే ఏం తింటం, పోరా అన్న."

తొమ్మిదేండ్లు ఇది కడుపుల పెట్టుకొని తిరిగింది. మేమేమో ఆయనే హుషారుకు పోయిండనుకున్నం. భయ్యా గోడకు ఆనుకొని అట్లనే జారి కూసున్నడు, నీళ్లల్లనే. ముగ్గురం ఏడ్చినం. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నడు.

తర్వాత అమ్మీ కంట్రోలర్ నా చేతిల పెట్టింది. నువ్వు దాటించు అన్నది.

మార్కుల సార్‌ను గదా నేను. ఈ గేమ్ కండ్లు మూసుకొని ఆడుత. కానీ ఇయ్యాల ఏ దుంగ ఎటు పోతదో ఒక్కటి గుర్తు లేదు. స్టార్ట్ నొక్కిన. పాడు మ్యూజిక్ మళ్ల మొదలైంది. దుంగ మీదికెల్లి దుంగ మీదికి. ఒక తాన అంచు మీద పడ్డడు, లేచిండు. అమ్మీ నా భుజం పట్టుకున్నది, గోర్లు దిగినయ్. ఆఖరి దుంగ. గట్టు.

దాటిండు.

అమ్మీ యా అల్లా అన్నది. నేను కంట్రోలర్ కింద పెట్టేలోపే స్క్రీన్ నల్లగైంది, మళ్ల వచ్చింది. అదే ఏరు. అవే దుంగలు. పిల్లగాడు ఇవతలి గట్టు మీద గంప పెట్టుకొని నిలబడ్డడు, దుంకుమంటే దుంకుదామని.

నేను రాసిందే. దుకాణం ముందర బోర్డు మీద ఇన్ని రోజుల సంది ఉన్నది, ఆఖరు లేదని. అమ్మీకి చదువు రాదు, ఆనాడు నేను గట్టు ఎక్కే యాళ్లకు నమాజుకు లేచిపోయింది, నేను నోటితోని చెప్పలే.

నీళ్లు పిక్కల దాకా వచ్చినయ్. దాటించినా ముందర ఏరేనా అని అమ్మీ అడిగింది. అవ్ అమ్మీ అన్న.

"అయితే ఇంక పంపను. గట్టు మీదనే ఉండనీ."

తనే వంగి స్విచ్ నొక్కింది. మేమెవ్వరం చెప్పలే. టీవీల చుక్కంత వెలుగు ఉండి పోయింది. నా చెయ్యి పట్టుకొని లేచింది. ఆటోల కూసున్నంక నా నొసలు తాకి, జ్వరం తగ్గిందా బేటీ అన్నది. జ్వరం తగ్గి పది రోజులైంది. ఇంకా ఉన్నదని చెప్పిన.

20 ఆగస్టు

నీళ్లు తీసినయ్. ఇంట్ల మోకాటి మందం ఒండ్రు. డబ్బా పోయింది, టీవీ పోయింది, క్యాసెట్లల్ల సగం పోయినయ్. వాగు పిల్లగాడు డబ్బాలకెల్లి ఊడి, మంచం కింద బురదల దొరికిండు. కడిగి ఎండల పెట్టిన. భయ్యా వేరే డబ్బాల పెట్టి చూద్దామన్నడు. ఒద్దు అన్న.

బోర్డు మీద రాత కొట్టుకపోయింది. భయ్యా అమ్మీని అడిగిండు, దానికి మార్కు ఎంత అని. నువ్వు గోడలు కడుగు అన్నది.

28 ఆగస్టు

రొట్టెలు చేసుకుంట అమ్మీ మామూలుగ అన్నది, జుమ్మేరాత్ నాడు ఇద్రీస్‌కు ఫాతిహా చేయిద్దాం, మసీదుల చెప్పి రా రహీం అని. పేరు పెట్టి అన్నది. భయ్యా చెప్పుల్లేకుండనే ఉరికిండు.

31 ఆగస్టు, గురువారం, జుమ్మేరాత్

ఫాతిహా అయింది. ఖీర్ నేను చేసిన, ఇలాచీ దండిగ వేసి. అమ్మీ చెంచాడు నోట్ల పెట్టుకొని, ఇద్రీస్‌కు ఇలాచీ పడదు, ఏరి పక్కన పెట్టేటోడు అన్నది.

నాకు తెల్వదు. ఇంకేమేం పడవో అడగాలె.