ఏడు గంటల కార్యక్రమంలో మల్లమ్మ

ఎనిమిదో గల్లీ, కామాఠిపుర,
ముంబై – 8.
15 మే 2024, బుధవారం.

తమ్ముడు యాదయ్యకు,

అన్న భూమయ్య మనసారా దీవించి రాయునది. మల్లమ్మకు, బిడ్డ కవితకు మా ఇద్దరి ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం అని రాయబోతే చెయ్యి ఆగింది. తింటున్నాం, తిరుగుతున్నాం, అంతే. మీరక్కడ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. మొన్న పదమూడున మీ కోస్గిలో ఓట్లు పడ్డాయి కదా, నువ్వూ మల్లమ్మా వేలికి సిరా పెట్టించుకునే ఉంటారు. మాకిక్కడ వచ్చే సోమవారం.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. నిన్ను తప్పుపట్టను. ఎత్తినా నేను ఏం మాట్లాడతాను? నోటితో నాలుగు మాటలు చెప్పలేనివాణ్నని నీకు తెలుసు. బడికి పోలేదు. కాంట్రాక్టరు దగ్గర కూలీలను నడిపే ముకాదంగా వాళ్ల హాజరీ రాస్తూ రాస్తూ అక్షరాలు పట్టుబడ్డాయి. పని మానేసి ఏడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఏ రోజు సంగతి ఆ రోజు పుస్తకంలో ఎక్కిస్తాను. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఇంటికి ఎవరొచ్చారు, టీవీలో ఏం చెప్పారు, అన్నీ. ఏప్రిల్ ఇరవై మూడు పేజీ ఒక్కటే తెల్లగా ఉంది. ఆ రోజు సంగతి నీకే రాస్తున్నాను. సాయంత్రం నువ్వు పని మీద మజ్‌గావ్‌లో ఉన్నావు. మా ఇంట్లో ఏం జరిగిందో మల్లమ్మ నీకు ఎంత చెప్పిందో నాకు తెలియదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. వరసకే తమ్ముడివైనా నా రాజకీయం నీ దగ్గర ఎప్పుడూ దాచలేదు. దేశానికి గట్టి చెయ్యి కావాలి. సరిహద్దుకు కాపలా ఉండాలి. ఓటర్ల జాబితాలో దొంగపేర్లు ఉండకూడదు. గుడికి పోయేవాణ్ని చూసి చదువుకున్నవాడు నవ్వకూడదు. ఇవి అప్పుడూ నా మాటలే, ఈ ఉత్తరం రాస్తున్నప్పుడూ నా మాటలే. ఇంగ్లిష్ పత్రికలవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ప్రతి ఎన్నికలకూ కెమెరాలు భుజాన వేసుకుని దిగుతారు. కామాఠిపుర అనగానే ఫాక్‌లాండ్ రోడ్డులో గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఫోటో ఒకటి తీసుకుని వెళ్లిపోతారు. ఈ పేటకు పేరొచ్చిందే రాళ్లు మోసిన మన కామాఠీల వల్ల. మా తాత మోశాడు, మా నాన్న మోశాడు. ఒక్కడంటే ఒక్కడు రాయడు. ఆ కోపం మీదనే నేను ఈ హిందీ ఛానల్‌కు అలవాటుపడ్డాను. అందులో ఏడు గంటలకు వచ్చే యాంకరు దేశం పేరు ఎత్తి మొదలుపెడతాడు. అతను అరుస్తుంటే నాకు హాయిగా ఉండేది. నేను అరవలేను కదా, నా బదులు ఒకరు అరుస్తున్నట్టు ఉండేది.

మా అతుల్‌కు నచ్చేది కాదు. పప్పా, ఆ మనిషి మీ బీపీ పెంచుతుండు, బంద్ చేయండి అనేవాడు. మీ వదిన ముత్తమ్మయితే, గీడు మనింటి అల్లుడైండు, పొద్దుగూకంగనే వస్తడు, అరుస్తడు, చాయ్ గూడ అడగకుండ పోతడు అని నవ్వేది.

ఆ రోజు నేనే అందరినీ పిలిచాను. ఇవాళ ఏడు గంటలకు మన ఇలాకా సంగతి చూపిస్తారు, వచ్చి కూచోండి అన్నాను. నేను నోరు తెరిచి పిలవడమే వింత కాబట్టి అందరూ వచ్చారు. మీరు అద్దెకున్న ఖోలీ మాలికిన్ రత్నాబాయి స్టూలు తెచ్చుకుని మరీ వచ్చింది. మల్లమ్మ చేటలో గోంగూర వేసుకుని ఆకు తుంపుతూ గడప దగ్గర కూచుంది.

మొదట ఢంఢం అని సంగీతం, ఎర్రటి అక్షరాలు, దేశం మ్యాపు మీద బాణాలు. తర్వాత నాగ్‌పాడా దగ్గర మన కూలీలు పొద్దున్నే పని కోసం నిలబడే నాకా. ఆ తర్వాత మల్లమ్మ. తట్ట చంకన పెట్టుకుని, ఆ పచ్చచీరలో.

ముత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఓ మల్లీ, నువ్వే గదనే, టీవీల వడ్డవ్ అని అరిచింది. మల్లమ్మ గోంగూర వదిలేసి లేచి నిలబడింది. సిగ్గుపడి కొంగు సర్దుకుంది. అక్కా, మంచిగనే కనవడుతున్ననా, తల దువ్వుకోలే పొద్దున అన్నది. రత్నాబాయి, హిరోయిన్ దిస్తేస్ గ, అచ్చం హిరోయిన్ లెక్కనే ఉన్నవ్, ఇంక మాతో ఏం మాట్లాడుతవ్ అని ఆటపట్టించింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వానేమో, గుర్తులేదు.

తెరమీద మైకు పట్టుకున్న కుర్రాడు హిందీలో అడుగుతున్నాడు. ఇక్కడికి కొత్తగా వచ్చారా అంటే మల్లమ్మ హా అంది. రాత్రిపూట వచ్చారా అంటే హా అంది. కాగితాలు ఇక్కడెవరో చేయించి ఇచ్చారా అన్నాడు. హా. ఓటు కూడా వేస్తారా అన్నాడు. హా సాబ్, హా. అంతలో నువ్వు పక్కనుంచి వచ్చి, ఏమడుగుతుండే వీడు అన్నావు. ఆ మాట దగ్గర బొమ్మ ఆపేశారు. మల్లమ్మ చేతి మీది పచ్చబొట్టు చుట్టూ ఎర్రటి గుండ్రం గీశారు. స్టూడియోలో కూచున్న పెద్దమనిషి, నేను పదేళ్లుగా నమ్మిన మనిషి, బల్ల గుద్ది అడిగాడు. ఇది ఏ భాష? ఇది ఏ దేశపు గుర్తు? వీళ్లను మీ ముంబైలోకి ఎవరు రానిచ్చారు?

అతుల్ తెర కింద పరుగెత్తుతున్న అక్షరాలు చదివాడు. చదివి నా వైపు చూశాడు. పప్పా, మనోళ్లను చొరబాటుదార్లు అంటుండ్రు అన్నాడు. రత్నాబాయి చప్పుడు చేయకుండా స్టూలు తీసుకుని వెళ్లిపోయింది.

మల్లమ్మకు ఇంకా తెలియలేదు. ఆమె నన్నే చూస్తూ అడిగింది. బావా, ఏమంటుండు? పని ఇప్పిస్తరటనా?

తమ్ముడూ, నేను లేచి టీవీ కట్టేశాను. ముప్పై ఏళ్ల కింద కట్టుబడి పరంజా మీదనుంచి ఒక మనిషి పడిపోవడం నా కళ్లతో చూశాను. అప్పుడూ ఇలాగే అయింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు.

ఆ హా అనడం ఎవరు నేర్పారో నీకు గుర్తుందా? నేనే. మూడేళ్ల కింద మీరు కొత్తగా వచ్చినప్పుడు మీకు హిందీ రాదు. నాకా మీద సేటు ఏం అడిగినా హా అనండి అన్నాను. ఇటుక మోస్తావా, హా. నాలుగో అంతస్తు ఎక్కుతావా, హా. తెలియదన్నవాణ్ని వదిలేసి సేటు పక్కవాణ్ని తీసుకుపోతాడు. మా నాన్న నాకు చెప్పిందీ ఇదే. మనవాళ్లు నూరేళ్లుగా ఈ ఒక్క ముక్కతో ఈ ఊళ్లో కూడు సంపాదించారు. మైకు పట్టుకున్నవాడు సేటు కాదని మల్లమ్మకు ఎవరు చెప్పారు? మహబూబ్‌నగర్ బస్సు దిగేది రాత్రేనాయె. ఆధార్ కాగితం మీద ఫోన్ నంబరు మార్పించింది మా అతులేనాయె. ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. పొద్దున్నే పోలీసులు రావడం, మీ కార్డులు చూసి మధ్యాహ్నం దాకా కూచోబెట్టి పంపడం. అందులో ఒకతను నాతో అన్నాడు, కాకా, ఇది తెలుగని నాకూ తెలుసు, చిన్నప్పుడు మీ గల్లీలోనే క్రికెట్ ఆడినా, పైనుంచి ఫోన్ వస్తే ఏం చేయను అని. నాకా మీద ముకాదం మంగేష్, టీవీల వచ్చినోళ్లు పక్కకు నిలబడుండ్రి, నా గిరాకీ ఖరాబ్ చేయకుండ్రి అన్నాడట. మూడో రోజు పొద్దున నేను నీళ్లకు దిగినప్పుడు మీరు వెళ్లిపోయారు. తాళంచెవి ముత్తమ్మ చేతిలో పెట్టారు. నాకు చెప్పలేదు.

మీరు పోయాక ఏదో ఇంగ్లిష్ పత్రిక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాపం మర్యాదగానే మాట్లాడింది. మల్లమ్మ లేదంటే చాలా నొచ్చుకుంది. ఏడుస్తున్న ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. పోతూ పోతూ ఫాక్‌లాండ్ రోడ్డు ఎటు అని అడిగింది. నా కోపాన్ని రెండు భాగాలు చేయవలసి వచ్చింది. ఒకరికి మల్లమ్మ దొంగగా కావాలి, ఇంకొకరికి ఏడుస్తూ కావాలి. గోంగూర తుంపుకుంటున్న మల్లమ్మ ఎవరికీ అక్కర్లేదు.

మన చాలీలో పెద్దలు పంచాయితీ పెడితే ఎలా ఉండేదో నీకు చెప్పానా? చెంబు పోయిందన్నా సరే, పోగొట్టుకున్నవాణ్నీ తీశాడన్నవాణ్నీ ఒకే చాప మీద కూచోబెట్టేవాళ్లు. ఇద్దరి మాటా వినేదాకా పెద్దమనిషి బీడీ కూడా ముట్టించేవాడు కాదు. సంప్రదాయం అంటే నాకు తెలిసింది అదే. టీవీలో ఎనిమిది మంది ఎనిమిది డబ్బాల్లో కూచుని సంప్రదాయం గురించి అరుస్తారు. అక్కడ చాప లేదు. నన్ను పాతకాలం మనిషి అంటారు. అవును, నేను పాతకాలం మనిషినే. అందుకే ఈ పని చూసి నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

ఇప్పుడు అసలు పని. ఆ టీవీ ముక్క ఇంకా ఫోన్లలో తిరుగుతోంది. ఇక్కడ ఎన్నికలు సోమవారంతో అయిపోతాయి, అది మాత్రం అయిపోదు. రేపు కవితకు సంబంధం చూసినా, నువ్వు ఏ ఊళ్లో పనికి నిలబడ్డా, ఎవడో ఒకడు ఫోన్ తీసి చూపిస్తాడు. అతుల్ కనుక్కున్నాడు. ముందు ఛానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, వాళ్లు వినకపోతే పైవాళ్లకు పంపాలి. ముక్క తీసేయాలి, అదే ఏడు గంటలకు తప్పు చెప్పాలి, అని అడిగాను. నేను తెలుగులో రాస్తే అతుల్ హిందీలోకి మార్చాడు. కానీ నా సంతకం చెల్లదట. నష్టపోయినవాళ్లదే కావాలట. అందుకని ఇందులో రెండు కాగితాలు పెడుతున్నాను. నువ్వు సంతకం చేసి, మల్లమ్మ చేత వేలిముద్ర వేయించి వెంటనే తిప్పి పంపు. వాళ్లు తప్పు ఒప్పుకుంటే మళ్లీ పనిలో పెట్టుకుంటానని మంగేష్ నా ముందు అన్నాడు. రత్నాబాయి ఈ నెలాఖరు దాకా ఖోలీ ఎవరికీ ఇవ్వనంది. స్టూలు తీసుకుని పోయినందుకు ఆమెకూ సిగ్గుగానే ఉంది. మీ గిన్నెలు, దుప్పట్లు ముత్తమ్మ మా అటక మీద పెట్టింది.

సోమవారం నేను ఓటు వేస్తాను. బహుశా ఎప్పుడూ వేసే గుర్తుకే వేస్తాను. ఛానల్ వేరు, దేశం వేరు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. టీవీ మాత్రం ఆ రోజునుంచి పెట్టలేదు. ముత్తమ్మ దానిమీద పాత చీర కప్పి అప్పడాల డబ్బా పెట్టింది. సాయంత్రాలు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పక్కింటి కుక్కర్ కూతలు లెక్కపెట్టుకోవచ్చు.

మల్లమ్మను అడిగానని చెప్పు. రాయడం ఇంతటితో ఆపుతున్నాను.

ఇట్లు
నీ అన్న
భూమయ్య

తా.క. – కవరు అంటించి మళ్లీ చింపాను. పైన రాసిందంతా నిజమే. కానీ ఛానల్ వాళ్లు అన్ని గల్లీలు వదిలి మన దగ్గరికే ఎందుకు వచ్చారని నువ్వు ఎప్పుడూ అడగలేదు. నేనే పిలిచాను.

మీ ఇలాకాలో అనుమానపు మనుషులుంటే చెప్పండని తెర కింద రోజూ ఒక నంబరు వేసేవాళ్లు. నాగ్‌పాడాలో నాకాకు ఎదురుగా సంచులు కుట్టే కార్ఖానా ఉంది చూడు, దాని పైన పదిహేను మంది దాకా కుర్రాళ్లు ఉంటారు. వాళ్లు మాట్లాడేది ఏ భాషో నాకు తెలియదు. నేను చెప్పింది వాళ్ల గురించి. జన్మలో ఫోన్లో అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అవతలివాళ్లు నన్ను జాగ్రత్త గల పౌరుడు అన్నారు. ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను.

మొన్న ఫిర్యాదు సంగతి అడగడానికి ఫోన్ చేస్తే ఆ మైకు కుర్రాడే ఎత్తాడు. గొంతు గుర్తుపట్టాడు. అంకుల్, మీరే కదా రమ్మన్నారు అన్నాడు. కార్ఖానావాళ్లు తలుపు తీయలేదట. సాయంత్రానికి ఎవరో ఒకరు కావాలట. వెనక్కి తిరిగితే నాకా కనిపించిందట.

నేను చూపించింది మిమ్మల్ని కాదు అని మూడు వారాలు నాకు నేను చెప్పుకున్నాను. ఇక చెప్పుకోలేను. ఆ తలుపు గనక తెరుచుకుని ఉంటే ఆ సాయంత్రం నేను చప్పట్లు కొట్టేవాణ్ని. వాళ్లది ఏ ఊరో నేను ఈ రోజుకీ అడగలేదు.

ముత్తమ్మకు, అతుల్‌కు ఇది తెలియదు, ఈ రాత్రి అన్నం దగ్గర చెబుతాను. నువ్వు కూడా ఈ ముక్కను కవిత చేత గట్టిగానే చదివించు, మల్లమ్మ వినాలి. ఫిర్యాదు రెండో కాగితం చివర, సమాచారం ఇచ్చిన మనిషి అని రాసి, నా పేరు, గల్లీ నంబరు నా చేత్తోనే వేశాను. మీరు సంతకం చేసేది నా మీద కూడా. చూసుకుని చెయ్యి.