ఇనప స్టాండు మీద గూళ్ళు

మంగళవారం, ఏలూరు

ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో కూడా తేలట్లేదు.

నేను బొమ్మలేస్తున్న కొల్లేరు పుస్తకంలో గూడబాతుల పేజీ ఉంది కదా, ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి, పడవలో కూర్చుని నేను గీసుకొచ్చింది. అక్కడ నీళ్ళల్లో చెట్లు చచ్చిపోయాక ఇనప స్టాండ్లు పాతారు. పక్షులు వాటి మీదే గూళ్ళు కట్టుకుని గుడ్లు పొదుగుతున్నాయి. నేను చూసింది అది, గీసింది అది.

పొద్దున్నే ఎడిటర్ పద్మజ గారు హైదరాబాద్ నుంచి ఫోను. "బొమ్మ చాలా బావుందండీ. కానీ ఆ ఇనుము సెల్ టవర్‌లా ఉంది. ఓ మంచి చెట్టు వేసేయండి."

"అక్కడ చెట్లు లేవండీ, ఉన్నదే అది" అన్నాను.

"అర్థమైందండీ. కానీ ఈ పుస్తకాన్ని వీడియోగా చేస్తున్న యానిమేషన్ వాళ్ళు కూడా చెట్టే అడుగుతున్నారు. కొమ్మలైతే గాలికి ఊగుతాయట."

ఊగడం కోసం గీస్తారా ఎవరైనా? ఎప్పుడూ ఇంతే, ఫోను పెట్టేశాకే నాకు నోరొస్తుంది.

మధ్యాహ్నమంతా కూర్చుని స్టాండ్లు చెరిపేసి చెట్టు గీశాను. టీ ఇవ్వడానికొచ్చిన అమ్మ స్క్రీన్ కేసి చూసి, "ఏ ఊరే ఇది?" అంది.

సాయంత్రం పంపించాను. కొల్లేరు ఒక్కసారైనా చూడని పద్మజ గారు వెంటనే మెసేజ్ పెట్టారు: "ఇప్పుడు అచ్చం కొల్లేరులా ఉందండీ!"

"థాంక్సండీ" అని పెట్టాను. పక్కన దణ్ణం బొమ్మ కూడా.