బియ్యం సంచీతో చూశాను

ఏమండీ,

ఆదివారం అబిడ్స్‌లో కొన్న బరువు మిషన్‌ను వాపసు ఇవ్వకండి. బిల్లు నేనే దాచేశాను.

పోయిన నెల మీ ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో మీరు డెబ్బై రెండు కిలోలు. దీని మీద అరవై ఏడు. "సస్తా మాల్, ఖరాబున్నది, వాపసిచ్చి వేరేది తెస్త" అన్నారు. నాకూ దీని మీదే అనుమానం వచ్చింది. అందుకే పొద్దున్న కింద ఉన్న కాళ్లు తుడుచుకునే పట్టా తీసేసి, మిషన్‌ను గచ్చు మీద పెట్టి, ముందు నేనొక్కదాన్నే ఎక్కాను. తర్వాత విప్పని పది కిలోల బియ్యం సంచీ ఎత్తుకొని ఎక్కాను. తేడా సరిగ్గా పది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ పదే.

అంటే అబద్ధమాడుతున్నది మిషన్ కాదు. మీ బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త రంధ్రం కూడా చూశాను. అదెప్పుడు పొడిచారు? నాకెందుకు చెప్పలేదు?

సాయంత్రం ఐదింటికి నాంపల్లి మెట్రో మెట్ల దగ్గర నిలబడతాను. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. పనుందని తప్పించుకుంటే నేరుగా మీ ఆఫీసుకే వస్తాను.

సౌభాగ్య

సంచీ ఎత్తుకొని నాలుగోసారి కూడా ఎక్కాను. ఈ ఒక్కసారి తప్పు చూపించమని ఆ మిషన్‌నే బతిమాలుకున్నాను.